పైన మసి పట్టిన మూత

మా వంటింట్లో గ్యాసు పొయ్యికి ఎదురుగా, గోడకి కొట్టిన లావుపాటి మేకుకి ఒక ఇనుప మూత వేలాడుతూ ఉంటుంది. ఒంటిచేత్తో దించబోతే మణికట్టు కలుక్కుమనేంత బరువు, చుట్టూ వేలెడెత్తున పైకి లేచిన అంచు, నడుమ పట్టుకోవడానికి వంకీ తిరిగిన ఇనుప కమ్మీ. లోకంలోని గిన్నెలన్నిటికీ మసి అడుగున పడుతుంది కదా, దీనికి మాత్రం నెత్తిమీద పట్టింది. కిందివైపు చూస్తే శుభ్రంగా, నున్నగా ఉంటుంది. మొదటిసారి మా ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ దానికేసి చూసి, తిరగేసి తగిలించానేమో అనుకుని, ఊరుకోలేక అడిగేస్తారు కూడా. తిరగెయ్యలేదు, అది అలాగే ఉండాలి అని చెబుతాను. డిసెంబరులో చలి మొదలవగానే దాన్ని కిందికి దించి, తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాస్తాను. అలా రాస్తూ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇనుము వాసన వెనకాల, నూనె వాసన వెనకాల, మాడీ మాడని పంచదార వాసన ఇప్పటికీ తగులుతుంది. ఇన్నేళ్ళయ్యాక ఇంకా వాసనేమిటి, నీ భ్రమ అంటారు మా ఆయన. ఆయనది అమలాపురం, ఆయనకేం తెలుసు.

యానాంలో కూడా చలేనా అని నవ్వేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళెవరూ ఎనభైల్లో తెల్లవారుజామున మా గోదావరి గట్టు మీద నిలబడి ఉండరు. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి గౌతమి మీంచి మంచు లేచి, మెల్లగా మెట్లెక్కి వీధుల్లోకి వచ్చేసేది. మనుషుల్నీ సైకిళ్ళనీ మోసుకుని ఏరు దాటించే పంటు, అవతలి ఒడ్డు కనబడక, హారను మోగించుకుంటూ తడుముకుంటూ నడిచేది. చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు కొంగుని చెవుల మీదుగా బిగించి కట్టుకునేవారు; కొట్లు తెరిచే పెద్దమనుషులు మంకీ క్యాపులు దిగలాగి, కళ్ళూ మీసాలూ మాత్రం కనబడేలా గల్లాపెట్టెల వెనక కూర్చునేవారు. ఆ చలికి పిల్లలకి ఆకలి రెండింతలయ్యేది. మెట్టకూరు వైపు నుంచి కట్టలు కట్టలుగా తేగలు వచ్చేవి. వాటిని నిప్పుల్లో కాల్చి, వేడివేడిగా తోలు వలిచి, పీచు పళ్ళలో ఇరుక్కుంటున్నా లెక్కచెయ్యకుండా నమిలేవాళ్ళం. తాటిటెంక పగలగొడితే లోపల దొరికే బుర్రగుంజు కోసం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కూడా కొట్టుకునేవారు. 

మా నాన్నగారు పక్కనున్న తూర్పుగోదావరి పల్లె నుంచి వచ్చి యానాంలో బట్టల కొట్టు పెట్టుకున్నారు. ఆయనతోపాటు వాళ్ళమ్మ, అంటే మా మామ్మ వచ్చింది. మామ్మతోపాటు ఆవిడ కుంపటి వచ్చింది. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు ఉండేది, తరువాత గ్యాసు కూడా వచ్చింది, అవన్నీ మా అమ్మవి. మామ్మ రాజ్యం పెరట్లో, మునగచెట్టు కింద. ఎండు కొబ్బరిచిప్పలు కాల్చి చేసిన బొగ్గులు ఒక గోనెసంచిలో, పిడకలు ఒక మూల, విసనకర్ర కొమ్మకి. ఈ భూమ్మీద నిప్పు చూడటం తెలిసింది తన ఒక్కదానికే అని ఆవిడ నమ్మకం. మిగిలినవాళ్ళంతా, మా అమ్మతో సహా, మంట పెట్టగలరు గాని నిప్పు చూడలేరని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అమ్మ అది విని నవ్వుకునేది, ఎందుకంటే మామ్మ కాల్చిన మినపరొట్టె తిన్నాక ఆ మాట కాదనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు.

ఆ రొట్టె గురించి చెప్పి తీరాలి. రుబ్బిన మినప్పిండిలో బియ్యపు నూక కలిపి, మందపాటి ఇనుప మూకుట్లో నూనె రాసి, రెండువేళ్ళ మందాన పిండి పోసి, మూతపెట్టి, కిందన సన్నటి సెగ ఉంచి వదిలేసేది. వదిలేసేదంటే తను మాత్రం కదిలేది కాదు, పీట మీద కూర్చుని వాసన చూస్తూ ఉండేది. మొదట పచ్చిపిండి వాసన, కాసేపటికి ఇడ్లీ వాసన, ఆ తరువాత నేతిలో వేగిన పప్పు వాసన. ఆ మూడో వాసన రాగానే మూత తీసి, అట్లకాడ అడుగుకి దూర్చి, ఒకే ఒక్క విసురుతో అంత రొట్టెనీ గాల్లో తిప్పి మళ్ళీ మూకుట్లో పడేసేది. చుక్క నూనె చిందేది కాదు. ఎర్రగా కాలిన పెచ్చు కోసం మేము ఎగబడేవాళ్ళం. లోపలి మెత్తటి భాగాన్ని బెల్లంపాకంలో ముంచుకుని, అల్లప్పచ్చడి నంజుకుని, చలికి ముడుచుకున్న కాళ్ళతో అరుగుమీద కూర్చుని తినేవాళ్ళం. ధనుర్మాసమంతా గుళ్ళోంచి వచ్చే మిరియాల పొంగలి, పండగ దగ్గరపడితే అరిసెలు, పాకుండలు, సున్నుండలు, కజ్జికాయలు, ఇంటి నిండా పాకం వాసన. అవన్నీ బాగుండేవి. అయినా చలికాలం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గాల్లో తిరిగే రొట్టే.

మా పెరటికీ పక్కవాళ్ళ పెరటికీ మధ్య కొబ్బరాకుల దడి ఉండేది, ఆ దడిలో ఒక తడిక తలుపు. అవతల రోజమ్మత్త, ఆవిడ భర్త అంతోనీ మావయ్య, వాళ్ళమ్మాయి స్టెల్లా ఉండేవారు. స్టెల్లాదీ నాదీ ఒకే తరగతి. మావయ్య పంటు మీద ఇంజను చూసే పని చేసేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ డీజిలు వాసన, బీడీ వాసన కలిసి వచ్చేవి. వాళ్ళు కేథలిక్కులు. నవంబరు వెళ్ళేసరికి వాళ్ళ వరండాలో వెదురుబద్దలతో, రంగుకాయితాలతో కట్టిన నక్షత్రం వెలిగేది, మూకుట్లో గులాబీపువ్వులు వేగేవి, ఆ పిండివంటలన్నీ తడిక తలుపు దాటి మా ఇంటికి వచ్చేవి. కానీ వాళ్ళ పండగకి అసలు సంగతి కేకు. దానికి ఇద్దరు మనుషులు కావాలి. పిండి రోజమ్మత్తది, నిప్పు మావయ్యది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు.

వినాయకచవితి వెళ్ళగానే మావయ్య కిస్మిస్‌లూ ఖర్జూరాలూ జీడిపప్పులూ సన్నగా తరిగి, పెద్ద గాజు సీసాలో వేసి, మునిగేదాకా బ్రాందీ పోసి మూత బిగించేవాడు. మా యానాంలో బ్రాందీకి కరువేముంది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దానికోసమే బస్సెక్కి వచ్చేవారు. ఆ సీసాని మా మామ్మ ‘అంతోనీ ఊరగాయ’ అనేది. క్రిస్మస్‌కి రెండు మూడు రోజుల ముందు, గోదావరి నుంచి తెచ్చి ఎండబెట్టి జల్లించిన ఇసుకని పెద్ద డేకిసా అడుగున పరిచి, ఆ ఇసుక కాలాక దానిమీద పిండి పోసిన రేకు డబ్బా పెట్టి, పైన ఈ ఇనుప మూత వేసేవాడు. పంటుకి మరమ్మతులు చేసే చోట పాత ఇనపరేకు అడిగి తెచ్చి, అంచు కొట్టించి, ఆయనే చేయించుకున్న మూత అది. కింద కొద్దిగా నిప్పు, మూత మీద దండిగా నిప్పు. కిందనుంచి ఇసుక, పైనుంచి నిప్పులు, మధ్యలో కేకు నెమ్మదిగా పొంగేది. ఆయన పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ, మధ్యమధ్య పట్టకారుతో బొగ్గులు సర్దుతూ, మాకు ఏటి మీద చూసిన మొసళ్ళ కథలు చెప్పేవాడు. గౌతమిలో మొసళ్ళు లేవని మాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

కేకు పళ్ళెం మా ఇంటికి రాగానే మామ్మ ఎదురెళ్ళి రెండు చేతులా అందుకునేది. తినేది కాదు. మా తాతయ్య పోయినప్పటి నుంచి ఆవిడ నీచు మానేసింది, కేకులో గుడ్లుంటాయి. కానీ ఆ పళ్ళేన్ని ముట్టనని ఎన్నడూ అనలేదు. మాకు ముక్కలు పంచిపెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఎలాగుందే?” అని అడిగేది. బావుంది అంటే ఒప్పుకునేది కాదు. “బావుందని ఎవడైనా అంటాడే. సరిగ్గా చెప్పు. ఎంత తీపి? ఏలకులు తగులుతున్నాయా? అడుగేమైనా మాడిందా?” నేను కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి, ఒక్కొక్కటే చెప్పేదాన్ని. తలాడిస్తూ వినేది. అలా మా ఇంట్లో కేకు విషయంలో నోరు నాది, తినడం ఆవిడది. మర్నాడు ఆ పళ్ళెం సున్నుండలతోనో మినపరొట్టెతోనో తడిక దాటి వెళ్ళేది, ఖాళీగా ఎప్పుడూ వెళ్ళలేదు.

నేను అయిదో తరగతి చదువుతున్న ఏడు, దీపావళికి ముందు, అంతోనీ మావయ్యకి పచ్చకామెర్లు వచ్చాయి. ముదిరిపోయాక కాకినాడ తీసుకెళ్ళారు. ఆయన మళ్ళీ ఇంటికి ప్రాణంతో రాలేదు. సమాధుల తోట నుంచి వచ్చిన రోజున రోజమ్మత్త తడిక తలుపుని తాడుతో కట్టేసింది. ఎవరి మీదా కోపం లేదు, ఎవరూ రాకూడదు, అంతే. మా అమ్మ వీధి గుమ్మంలోంచి కూర తీసుకెళ్ళి ఇచ్చేది. మర్నాటికి సగానికి సగం అలాగే ఉండేది. స్టెల్లాకి పెట్టి తను మజ్జిగన్నంతో సరిపెట్టుకునేదట. చూస్తుండగానే ఆవిడ జాకెట్లు వదులైపోయాయి.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది, ఏ మతంవాళ్ళయినా పాటించేవారు. మనిషి పోయిన ఏడు ఆ ఇంట్లో పండగకి మూకుడు పొయ్యి ఎక్కించకూడదు. చర్చిలో ఫాదరుగారు అలాంటివేం లేవని చెప్పేవారట, అయినా చర్చిలో చెప్పేది వేరు, వీధిలో నడిచేది వేరు. అందుకని ఆ ఏడు రోజమ్మత్త ఇంట్లో కేకు ఉండదని అందరికీ తెలుసు. కానీ స్టెల్లా బడినుంచి వస్తూ నాకు ఇంకో మాట చెప్పింది. వాళ్ళ నాన్న జబ్బు పడకముందే సీసా నింపి పెట్టాడు. అది అలాగే అటక మీద ఉంది. “అమ్మ దాన్ని ముట్టుకోనివ్వట్లేదు. ఇంక మనింట్లో కేకన్నదే లేదు, ఈ ఏడే కాదు, ఎప్పుడూ లేదంటంది” అని చెప్పి, ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది. నాకు ఆ మాట తలుచుకుని ఇంటిదాకా ఏడుపు ఆగలేదు. మామ్మకి చెప్పేశాను.

మామ్మ చేటలో బియ్యం ఏరుతూ విన్నది. చేటలో బియ్యమంతా ఏరడం పూర్తిచేసింది. తరువాత అమ్మని పిలిచి, “నా మొగుడు పోయిన ఏడు, మొదటి పండక్కి, పక్కింటి సూరమ్మొదిన బూరెలు అట్టుకొచ్చి నా నోట్లో కుక్కేసిందే. ఆ బూరె దిగేకే నాకు మళ్ళీ ఆకలంటే ఏంటో తెలిసింది. మొదటి పండగ దాటించాలి, అది మనమే చెయ్యాలి” అంది. కాకినాడ నుంచి కొని తెప్పిద్దామండీ అంది అమ్మ. “కొన్నదైతే కొట్టువాడు పంపినట్టుంటాది. నేనే చేస్తాను” అంది మామ్మ. గుడ్లు ముట్టకుండా కేకెలా చేస్తారండీ అత్తయ్యగారూ అని అమ్మ అడిగితే, మామ్మ ఆ అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, నిప్పు సరిగ్గా ఉంటే ఏదైనా పొంగుద్దని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం కుంపటి ముందు కూర్చుంది. మైదాపిండిలో పెరుగు, నెయ్యి, వంటసోడా, కేకుకి ఆ నలుపు రావాలని నల్లటి తాటిబెల్లం పాకం, చారెడు జీడిపప్పు. పిండి చూడటానికి బాగానే ఉంది. దాన్ని తన రొట్టె మూకుట్లోనే పోసి, మూతపెట్టి, వాసన చూస్తూ కూర్చుంది. బెల్లం ఉడికే వాసన వచ్చింది, నెయ్యి వాసన వచ్చింది, అంచులు విడిచి పైకి పొంగడం కూడా మొదలైంది. నేను ఆనందంతో గంతులేస్తున్నాను. అప్పుడు మామ్మ మూత తీసింది. పెళ్ళయిన నాటినుంచి మూకుట్లో ఏది పోసినా చేసినట్టే, అట్లకాడ అడుగుకి దూర్చింది. “మామ్మా, కేకుని తిరగెయ్యరు!” అని నేను అరిచేలోపే ఒకే విసురుతో దాన్ని గాల్లోకి ఎగరేసింది. కేకు పైకి ఒకటిగా వెళ్ళింది, కిందికి రెండుగా వచ్చింది. ఒక ముక్క మూకుట్లో, ఇంకో ముక్క నిప్పుల్లో, మధ్యలో ఉన్న పచ్చిపిండి మామ్మ జుట్టు మీద.

తాటిబెల్లం నిప్పుల్లో పడితే ఎంత పొగ వస్తుందో చూసినవాళ్ళకే తెలుసు. పెరడంతా నల్లగా కమ్మేసింది. దడి అవతల నుంచి, “పిన్నిగారండీ! ఏవైందండీ? ఏం కాలిపోతందండీ?” అని కేక, ఆ వెంటనే తాడు తెంపిన చప్పుడు, తడిక తలుపు ధడాల్న తెరుచుకుంది. రోజమ్మత్త బిందెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. వచ్చి, మసిమొహంతో, పిండి కారుతున్న జుట్టుతో, చేతిలో అట్లకాడతో ఉన్న మామ్మని చూసి ఆగిపోయింది.

“కేకు చేస్తన్నానే,” అంది మామ్మ, ఏమాత్రం తగ్గకుండా.

“తిరగేసేరా పిన్నిగారూ?”

“తిరగెయ్యపోతే రెండోపక్క ఎలా కాలుద్దే?”

రోజమ్మత్త బిందె కింద పెట్టింది. ముందు పెదవులు బిగబట్టుకుంది, ఆ తరువాత వల్లకాక నవ్వింది. దీపావళి ముందు నుంచి ఆ మనిషి నవ్వు మేం వినలేదు. కడుపు పట్టుకుని, మునగచెట్టుకి ఆనుకుని, కేకుని తిరగేసేరండీ, కేకుని తిరగేసేరండీ అంటూ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. మామ్మ అట్లకాడ అవతల పడేసి, మసిచేతులతోనే ఆవిడని దగ్గరకి తీసుకుంది. ఇద్దరి చీరలూ పాడైపోయాయి. 

కాస్త తేరుకున్నాక రోజమ్మత్త తనంతట తనే చెప్పింది. “సీసా ఉందండి పిన్నిగారూ. ఆయన ఆఖర్న చేసిన పని అదేనండి. మూత తీస్తే అది కూడా అయిపోద్దని తియ్యలేకపోతన్నానండి.”

“అతను దాచుకోమని పెట్టేడటే? పిల్లది తింటాదని పెట్టేడు,” అంది మామ్మ.

“మా ఇంట్లో పొయ్యి ఎక్కించకూడదు కదండీ ఈ ఏడు.”

“మీ ఇంట్లో కదా కూడదు. మా కుంపటికేం అడ్డు? ఇక్కడికి అట్టుకురా. పిండి నీది, నిప్పు నాది.”

రోజమ్మత్త బిందె తీసుకుని వెళ్ళిపోయింది. తడిక తలుపు మాత్రం మళ్ళీ కట్టలేదు. మామ్మ సాయంత్రం తలంటు పోసుకుని, మూకుట్లో మిగిలిన ఆ సగం ముక్కని పారెయ్యడానికి మనసొప్పక, గుడ్డు లేదు కనక అడ్డూ లేదని, కాఫీతో పాటు తనే తినేసింది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ, నేను కూడా కేకు తిన్నదాన్నే అని దబాయించేది.

మర్నాడు పొద్దున్న వస్తుందో రాదోనని నేను తడికకేసి చూస్తూ పళ్ళు తోముకున్నాను. ముందు స్టెల్లా వచ్చింది, జల్లెడా ఇసుక బుట్టా పట్టుకుని. వెనక రోజమ్మత్త, డేకిసా నెత్తిన పెట్టుకుని, గాజు సీసాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని. ఈ మూత డేకిసాలో ఉంది. సీసా మూత ఎంతకీ రాలేదు. మావయ్య ఇంజను బోల్టులు బిగించే చేతులతో బిగించిన మూత అది. అమ్మ ప్రయత్నించింది, నాన్నగారు కొట్టుకి వెళ్ళబోతూ ఆగి ప్రయత్నించారు. చివరికి మామ్మ వేడినీళ్ళలో గుడ్డ ముంచి దానికి చుట్టి, కాసేపు ఉంచి తిప్పితే వచ్చింది. వాసన గుప్పుమంది. రోజమ్మత్త రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. మామ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని సీసాలోకి తొంగిచూసి, “బాగా ఊరిందే, నీ మొగుడు పనిమంతుడు” అంది. ఆ మాటకి రోజమ్మత్త చేతులు దించి, కళ్ళు తుడుచుకుని, గిన్నె ముందుకి లాక్కుంది.

కనకాలపేట నుంచి తెప్పించిన బాతుగుడ్లు ఆవిడే కొట్టింది, ఆవిడే గిలక్కొట్టింది. మామ్మ ఆ గిన్నె వైపు రాలేదు. తను ఇసుక కాల్చింది, బొగ్గులు రాజేసింది, మూతమీద నిప్పులు పరిచి, సెగ ఎంతుందో చూడటానికి అరచెయ్యి పైన ఆడించింది. రోజమ్మత్త నోరాగక, ఆయన ఇక్కడ ఇంకాస్త వేసేవారండి, అక్కడ తీసేవారండి అంటూనే ఉంది. ఎప్పుడు మార్చేవాడు మరి అని మామ్మ అడిగితే, బీడీ అయిపోయినప్పుడల్లా మార్చేవారండి అంది. “నన్నిప్పుడు బీడీ కాల్చమంటావేంటే ముసలితనంలో,” అంది మామ్మ, అందరం పగలబడి నవ్వాం, స్టెల్లా కూడా. మావయ్య గురించి నవ్వుతూ మాట్లాడుకోవచ్చని ఆ పిల్లకి తెలిసింది అప్పుడే.

డబ్బా లోపల ఉన్నంతసేపూ మామ్మకి చేతులు ఊరుకోలేదు. మూత తీసి చూడకూడదు, తిరగెయ్యకూడదు, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. ఒకసారి అలవాటుగా అట్లకాడ కోసం పక్కన తడుముకుంది. అమ్మ దాన్ని ముందే దాచేసింది. చివరికి మామ్మ ముక్కు ఎగబీల్చి, “అయిపోయింది, దించండి” అంది. ఇంకా అవలేదండీ, ఆయనైతే ఇంకాసేపు ఉంచేవారు అంది రోజమ్మత్త. వాదించుకుంటూనే మూత ఎత్తారు. కేకు డబ్బా అంచుదాకా పొంగి, నడిమధ్యన సన్నగా పగిలి, నిగనిగలాడుతూ ఉంది. కొబ్బరి ఈనె గుచ్చి తీస్తే పొడిగా వచ్చింది. మామ్మ ఎవరివైపూ చూడకుండా విసనకర్ర తీసుకుని తనకి తను విసురుకుంది. అంత చలిలోనూ.

క్రిస్మస్ నాడు పొద్దున్న చర్చి నుంచి వచ్చాక, రోజమ్మత్త తనే పళ్ళెం పట్టుకుని తడిక దాటి వచ్చింది. తెల్లచీర కట్టుకుంది, చాలా రోజులకి తల నున్నగా దువ్వుకుంది. ఇంకా ఎవరూ ముట్టలేదండి, ఇక్కడే కోద్దామనుకున్నాం అంది. స్టెల్లా కోసింది. మొదటి ముక్క మామ్మ తీసుకుని, సూరమ్మొదిన తనకి చేసినట్టే, రోజమ్మత్త నోటికి అందించింది. మేమంతా ఆవిడ మొహంలోకే చూస్తున్నాం. ఆవిడ చాలాసేపు నమిలింది. మింగింది. ఇంకో ముక్క తనే తీసుకుంది, అది కూడా పూర్తిగా తినేసింది.

“అడుగు కొంచెం మాడింది పిన్నిగారండీ,” అంది చివరికి. “ఆయన చేసినా మాడేదేనండి, ఏ యేడాదైనా.”

మామ్మ మొహం వెలిగిపోయింది. అన్నేళ్ళుగా తన నిప్పుని తప్పు పట్టినవాళ్ళని ఎవరినీ వదిలిపెట్టని మనిషి, ఆ మాటకి మాత్రం మురిసిపోయింది. తరువాత నావైపు తిరిగి, “నువ్వు చెప్పవే, ఎలాగుంది?” అంది. కిస్మిస్ నోట్లో పగులుతోందనీ, ఏలకులు సరిపోయాయనీ, లోపల మెత్తగా ఉందనీ, అడుగు కొంచెం మాడిందనీ చెప్పాను. తలాడిస్తూ విన్నది.

ఆ ఏటి నుంచి కేకు మా పెరట్లోనే కాలేది. ఏడాది తిరిగాక రోజమ్మత్తకి ఏ అడ్డూ లేదు, అయినా సీసా నింపి, పిండి కలిపి, మా కుంపటి దగ్గరికే తెచ్చేది. నిప్పు మీ దగ్గరుంటే మూత మా దగ్గరెందుకండీ అని దాన్ని మా మునగచెట్టుకే వదిలేసింది. అలా వచ్చింది ఇది మా ఇంటికి. మామ్మ పోయిన ఏడు మా ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కలేదు. ఆ డిసెంబరులో రోజమ్మత్త మూత అడిగి పట్టుకెళ్ళి, తన పెరట్లో తనే నిప్పు పెట్టుకుని కేకు కాల్చి, మా అమ్మ నోటికి అందించింది. మర్నాడు మూత మళ్ళీ తెచ్చి ఇచ్చేసింది.

ఇప్పుడు రోజమ్మత్త కూడా లేదు. స్టెల్లా పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తోంది, పండగ పొద్దున్న ఫోను చేస్తుంది. గోదావరి మీద వంతెన వచ్చింది, పంటు పోయింది. దడి ఉన్నచోట కాంపౌండు గోడ లేచింది, దానికి తలుపు లేదు. మునగచెట్టు ఉన్నచోట ఎవరిదో కారు ఉంటుంది. నవంబరు నుంచే బేకరీ అద్దాల వెనక క్రీము పూలు పెట్టిన కేకులు వరసగా కూర్చుంటాయి, బాగానే ఉంటాయి, నాకు వాటిమీద కోపమేమీ లేదు. నేను మాత్రం వినాయకచవితి వెళ్ళగానే సీసా నింపుతాను. కరెంటు ఓవెన్లో కాలుస్తాను, ఇసుకా లేదు, నిప్పులూ లేవు. పిల్లలు ఫోటో తీసుకుని, సూపర్ అని, ముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి ఎంత తీపి, ఏలకులు తగిలాయా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగించుకోవడమే నాకు అలవాటు.

అందుకని మొదటి ముక్క నేనే తీసుకుని, మేకుకి వేలాడే మూతకి ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నములుతాను. కిస్మిస్ బాగా ఊరింది మామ్మా, తీపి సరిపోయింది, లోపల మెత్తగా ఉంది, అడుగు కొంచెం మాడింది అని పైకే చెబుతాను. ఎవరితో మాట్లాడుతున్నావని మా ఆయన హాల్లోంచి కేకేస్తారు. కరెంటు ఓవెన్లో కేకు అడుగు మాడదు. ఆ ఆఖరి మాట అబద్ధం కాకుండా ఉండటానికి, కేకు కాలేటప్పుడు ఓవెన్ గంట మోగాక కూడా నేను కాసేపు దాని తలుపు తియ్యకుండా అక్కడే నిలబడతాను.